అట్ట ఇల్లు ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినం వస్తుంది. దానికి కాస్త ముందూ వెనకగా చెన్నైలో చాలా బడుల పిల్లలు "కరెంటు ఆదా చేసే ఇల్లు" అనే అంశం మీద నమూనాలు తయారు చేసుకొస్తారు. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఒకే పోలికలో ఉన్నాయి. థర్మోకోల్ గోడలు, ఎర్ర చార్టుతో చేసిన వాలు కప్పు, ఆ కప్పు మీద మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో కొనుక్కొచ్చిన అరచేయంత సోలార్ పలక, ముంగిట పచ్చరంగు కలిపిన రంపపు పొట్టుతో గడ్డి, లోపల మినుకుమినుకుమనే ఎల్‌ఈడీ దీపం, దాని పక్కన గిర్రున తిరిగే చిన్న ఫ్యాను. ఆ ఇంటి పక్కన నిలబడ్డ పిల్లలను నేను అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: "ఇందులో పొదుపు ఎక్కడుందమ్మా?" ఎక్కువమంది వేలు సోలార్ పలక వైపే వెళుతుంది.

ఆ పలక చేసేది కరెంటును పుట్టించడం. పొదుపు అనేది వేరే సంగతి. అడుగున చిల్లు పడిన తొట్టిలో బిందెల కొద్దీ నీళ్ళు మోసుకొచ్చి పోయడం ఒక పని అయితే, ఆ చిల్లు పూడ్చడం ఇంకొక పని. ఎండ లోపలికి రాకుండా, వచ్చిన వేడి నిలవకుండా, పగటిపూట దీపం వేసుకోనక్కర లేకుండా కట్టిన ఇంటికి అసలు కరెంటు అవసరమే తక్కువ. అలాంటి ఇంటి మీద సోలార్ పలక పెడితే దానికి విలువ ఉంటుంది. కొలిమిలా కాగే ఇంటి మీద అదే పలకను పెడితే, పుట్టిన కరెంటు మొత్తం ఏసీకే సరిపోదు. కాబట్టి నమూనా చేసే పిల్లలకు మొదట అర్థం కావలసింది పలక గురించి కాదు, గోడా, కప్పూ, కిటికీ గురించి.

పెరంబూరులో ఏడో తరగతి చదివే నా మేనకోడలు, వాళ్ళ పక్కవీధిలో ఉండే ఆమె స్నేహితురాలు పోయిన ఏడు ఈ పనికి పూనుకున్నప్పుడు నన్ను సాయం అడిగారు. అట్టపెట్టెతో ఇల్లు కట్టేశాక నా మేనకోడలు అడిగింది: "మామయ్యా, మా ఇల్లు నిజంగా చల్లగా ఉందని మాకెలా తెలుస్తుంది?" ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. నమూనాను చూసి ముచ్చటపడి వదిలేయకుండా దాన్ని ఒక పరీక్షగా వాడాలంటే, అది దేని గురించి నమ్మదగిన జవాబు ఇస్తుందో, దేని గురించి ఇవ్వలేదో ముందుగా తెలియాలి. ఇంటిని ఇరవయ్యో వంతుకు కుదించినప్పుడు కొన్ని సంగతులు చెక్కుచెదరకుండా కుదురుతాయి, కొన్ని సగమే కుదురుతాయి, కొన్ని పూర్తిగా తలకిందులవుతాయి. బడుల్లో సాధారణంగా ఎవరూ పిల్లలకు చెప్పని విషయం ఇదే.

నమూనా సంగతికి వెళ్ళే ముందు చెన్నై ఇంట్లోకి వేడి ఎటు నుంచి వస్తుందో చూడాలి. మన దేశపు భవన నిర్మాణ నియమావళి దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విభజించింది: వేడి-పొడి, వేడి-తేమ, మిశ్రమ, సమశీతోష్ణ, శీతల మండలాలు. చెన్నై వేడి-తేమ మండలంలో ఉంది. భూమధ్యరేఖకు 13 డిగ్రీల ఉత్తరాన ఉన్న ఊరు కాబట్టి ఏడాదిలో ఎక్కువ కాలం మధ్యాహ్నపు సూర్యుడు ఇంచుమించు నడినెత్తినే ఉంటాడు. అందువల్ల ఒకటి రెండు అంతస్తుల ఇళ్ళలో ఎండ దెబ్బ ఎక్కువగా పడేది కప్పు మీద, ఆ తరువాత పడమటి గోడ మీద.

ఆ దెబ్బ ఎంతో ఒక మోటు లెక్క వేసి చూద్దాం. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది కప్పు విస్తీర్ణం సుమారు 9.3 చదరపు మీటర్లు. మే నెల మధ్యాహ్నం మాసిన కాంక్రీటు శ్లాబు పైభాగం 55 డిగ్రీలకు చేరిందని, కింద గదిలో 33 డిగ్రీలు ఉందని అనుకుందాం. ఆరంగుళాల కాంక్రీటు శ్లాబు, ఒక్కో డిగ్రీ తేడాకు, ఒక్కో చదరపు మీటరు నుంచి సుమారు మూడున్నర వాట్ల వేడిని కిందికి దాటిస్తుంది. ఈ మూడున్నరనే ఇంజనీర్లు యు-విలువ అంటారు. 22 డిగ్రీల తేడాకు లెక్క కడితే, ఆ వేడి అలాగే నిలకడగా ఉన్నప్పుడు గదిలోకి దిగేది 700 వాట్లకు పైమాటే. ఏడు వంద వాట్ల బల్బులను గది కప్పుకు వేలాడదీసి వెలిగించినంత వేడి అన్నమాట. అదే కప్పుకు తెల్లటి పూత వేసి పైభాగం వేడిని 42 డిగ్రీలకు దించగలిగితే ఈ 700 కాస్తా 300 లోపుకు పడిపోతుంది. పూత వేయకుండా, వేడిని అడ్డుకునే పొరను పరిచి యు-విలువను 1.2కు దించినా దాదాపు 250 దగ్గర ఆగుతుంది.

ఈ 1.2 నేను నా సౌకర్యం కోసం ఎంచుకున్న అంకె కాదు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన ఇంధన సామర్థ్య బ్యూరో, అంటే ఏసీలకూ ఫ్రిజ్‌లకూ నక్షత్రాలు ఇచ్చే బీఈఈ, నివాస భవనాల కోసం 2018లో 'ఎకో నివాస్ సంహిత' అనే నియమావళిని తెచ్చింది. కప్పు యు-విలువ 1.2 దాటకూడదని అందులో ఉంది. గోడలూ కిటికీలూ కలిసి లోపలికి పంపే వేడి, శీతల మండలం మినహా మిగతా చోట్ల, సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదని కూడా ఉంది. మన ఇళ్ళ మీద ఉన్న ఉత్త శ్లాబు ఈ హద్దుకు దాదాపు మూడు రెట్లు దాటి ఉందన్న మాట పిల్లలకు చెబితే, వాళ్ళు ఆ రాత్రికే సీలింగు వైపు కొత్త కళ్ళతో చూస్తారు. మా ఇద్దరు పిల్లలూ అలాగే చూశారు.

ఇక అట్ట ఇల్లు ఏ విషయంలో పూర్తిగా నమ్మదగిందో చెప్పుకుందాం. అది వెలుగునీడల విషయం. సూర్యకిరణం ఏ కోణంలో వస్తుందో అది ఇంటి పరిమాణాన్ని బట్టి మారదు. పది మీటర్ల ఇంటికి పడే నీడ ఎంత పొడుగో, అరమీటరు నమూనాకు పడే నీడ కూడా అదే నిష్పత్తిలో ఉంటుంది. గదిలోకి పడే పగటి వెలుతురు కూడా అంతే. లోపలి గోడల రంగులు అసలు ఇంట్లో ఉన్నట్టే ఉంటే చాలు, నమూనాలో చీకటిగా కనిపించిన మూల ఇంట్లోనూ చీకటిగానే ఉంటుంది. అందుకే ఆర్కిటెక్టులు కూడా వెలుతురును చూసుకోవడానికి నమూనాలు కడతారు.

ఇక్కడే మన పుస్తకాల్లోని ఒక పొరపాటు బయటపడుతుంది. శక్తిని పొదుపు చేసే ఇంటికి దక్షిణం వైపు పెద్ద అద్దాల కిటికీలు ఉండాలని, అవి సూర్యుణ్ణి లోపలికి ఆహ్వానిస్తాయని పిల్లలు ఎక్కడో చదివి చార్టు మీద రాస్తారు. అది నలభై, యాభై డిగ్రీల అక్షాంశాల దగ్గర చలికి వణికే దేశాల మాట. చెన్నైలో ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఇంకొకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ మధ్యాహ్నాలు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆ రెండింటి మధ్య దాదాపు నాలుగు నెలల పాటు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపున ఉంటాడు. మన పంచాంగాల్లో మే 4 ప్రాంతాన మొదలై 28 ప్రాంతాన ముగిసే కర్తరి ఎండలు, తమిళులు కత్తిరి అని పిలిచే ఎండలు, ఈ ఉత్తరపు సూర్యుడివే. కర్తరిలో ఇంటికి శంకుస్థాపన చేయకూడదని మన పెద్దలు అంటారు. ఇంటి నమూనాను ఎండలో పరీక్షించడానికి మాత్రం అంతకంటే మంచి రోజులు లేవు.

సన్‌షేడ్ లెక్క చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. కిటికీకి సరిగ్గా పైన రెండడుగులు ముందుకు వచ్చిన సన్‌షేడ్ ఉందనుకుందాం. డిసెంబరు నెలాఖరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు దక్షిణపు కిటికీ మీద దాదాపు రెండు ముప్పావు అడుగుల మేర నీడ దిగుతుంది. జూన్‌లో ఉత్తరపు కిటికీకైతే, సూర్యుడు 80 డిగ్రీల ఎత్తున ఉంటాడు కనుక, కిటికీ మొత్తం నీడలోనే ఉంటుంది. మే నెల సాయంత్రం నాలుగున్నరకు పడమటి కిటికీ దగ్గర మాత్రం కథ మారిపోతుంది. సూర్యుడు 27 డిగ్రీల ఎత్తుకు జారి ఎదురుగా నిలబడతాడు, ఆ రెండడుగుల సన్‌షేడ్ నుంచి దిగే నీడ ఒక్క అడుగు. నాలుగడుగుల కిటికీలో మూడడుగులు ఎండ పాలే. పడమటికి అడ్డం నిలబడవలసింది చెట్టు, తడిక, వెదురు తెర లాంటి నిలువు అడ్డాలు. ఇంటికి పడమట వేపచెట్టు నాటుకున్న పాతకాలపు వాళ్ళకు ఈ లెక్క అంకెల్లో తెలియకపోయినా నీడలో తెలుసు.

నమూనాతో దీన్ని చూపించడానికి మే నెల దాకా ఆగనక్కర లేదు. 13 డిగ్రీల అక్షాంశానికి గీసిన సూర్యఘడియారపు పటం, అంటే ఏ నెలలో ఏ గంటకు నీడ ఎక్కడ పడుతుందో గీతల్లో చూపే పటం, ఒకటి అచ్చు వేసుకుని, నమూనా ఉన్న అట్ట మీదే ఒక మూలన ఉత్తర దిశ కలిసేటట్టు అంటించి, పటం చెప్పిన చోట చెప్పినంత ఎత్తున గుండుసూది నిలబెట్టాలి. తరువాత ఆ అట్టను ఎండలో చేత్తో పట్టుకుని, గుండుసూది నీడ కొస "మే, సాయంత్రం నాలుగున్నర" అన్న గీత మీద పడేదాకా అటూ ఇటూ వంచాలి. అది కుదిరిన క్షణంలో నమూనా మీద పడుతున్న నీడలన్నీ మే నెల సాయంత్రపు నీడలే. మా ఇద్దరు పిల్లలూ దీన్ని నవంబరు ఉదయం ఎనిమిది గంటలకు మొట్టమాడి మీద చేశారు. (చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు మేడపైభాగం మొట్టమాడే, డాబా అంటే ఒక క్షణం ఆలోచిస్తారు.) ఒకమ్మాయి అట్టను వంచి పట్టుకుంటే ఇంకొకమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, గుమ్మంలోంచి లోపలికి చూసింది. పడమటి కిటికీలోంచి వచ్చిన ఎండచారిక గదిని దాటి ఎదురు గోడకు ఆనించి పెట్టిన అగ్గిపెట్టె మంచం మీద పడింది. "అది తాతయ్య మంచం" అని గొణిగి, చారికకు రెండు చివర్లా పెన్సిలుతో గుర్తు పెట్టింది. వాళ్ళ అసలు ఇంట్లో తాతయ్య మంచం ఉండేది ఆ గోడ పక్కనే.

సగం నిజం చెప్పే విషయాలు రంగూ, వేడిని అడ్డుకునే పొరలూ. ఇక్కడ నమూనా అంకెలను నమ్మకూడదు గానీ పోలికను నమ్మవచ్చు. అంటే, అచ్చం ఒకేలాంటి రెండు పెట్టెలు కట్టి, ఒక్కటంటే ఒక్కటే తేడా పెట్టి, రెండింటినీ ఒకే సమయంలో ఒకే ఎండలో ఉంచి, లోపలి థర్మామీటర్లను పోల్చాలి. ఒక పెట్టె కప్పుకు సిమెంటు రంగు, రెండో పెట్టె కప్పుకు సున్నం. అరగంట తరువాత పెట్టెల స్థానాలు తారుమారు చేసి మళ్ళీ చూడాలి, ఎందుకంటే ఒక పెట్టె మాత్రమే పిట్టగోడ పక్కన గాలి తగలని చోట ఉండి ఉండవచ్చు. థర్మామీటరు బుడ్డి కప్పుకు తగలకూడదు, దాని మీద నేరుగా ఎండ పడకూడదు. మా వాళ్ళ మొదటి రోజు అంకెలన్నీ కొట్టివేయాల్సి వచ్చింది, సున్నపు పెట్టెలోని థర్మామీటరు సరిగ్గా కిటికీకి ఎదురుగా వేలాడటం వల్ల.

కొత్తగా వేసిన తెల్లటి పూత తన మీద పడిన ఎండలో 70 నుంచి 80 శాతం దాకా వెనక్కి పంపుతుంది. మాసిపోయిన కాంక్రీటు పావు వంతో, మూడో వంతో పంపుతుంది. కప్పుకు చల్లటి పూతలు వేయించడం కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక విధానాన్నే ప్రకటించింది. అయితే పిల్లలకు సున్నం కంటే వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్ మీద మోజు ఎక్కువ. తళతళ మెరుస్తుంది కాబట్టి అది అన్నిటికంటే చల్లగా ఉంటుందని అనుకుంటారు. వేడెక్కిన వస్తువు చల్లబడే దారుల్లో ఒకటి, ఆ వేడిని కంటికి కనిపించని కిరణాలుగా ఆకాశంలోకి వదలడం. సున్నం ఆ పని బాగా చేస్తుంది. మెరిసే లోహం ఎండను పీల్చేది తక్కువే అయినా, పీల్చిన ఆ కొంచెం వేడినీ వదలలేక పట్టుకుని కూర్చుంటుంది. గాలి లేని మధ్యాహ్నం ఫాయిల్ కప్పు సున్నపు కప్పు కంటే ఎక్కువ కాలడానికి కారణం ఇదే. అదే ఫాయిల్‌ను కప్పు కింద, కాస్త గాలి సందు వదిలి, ఫాల్స్ సీలింగ్ మీద పరిస్తే దాని లోపమే గుణమవుతుంది: పైనుంచి దిగే వేడి కిరణాలను తిప్పికొడుతుంది, కింది గదిలోకి తాను వదిలేది చాలా తక్కువ.

ఈ పరీక్షలు ఎండలోనే చేయాలి, బల్బు కింద కాదు. ఎల్‌ఈడీ బల్బు నుంచి పెద్దగా వేడి రాదు. పాతకాలపు వంద వాట్ల బల్బు వేడినిస్తుంది గానీ, ఆ వేడిలో అత్యధిక భాగం కంటికి కనిపించని కిరణాలే. కంటికి తెల్లగా కనిపించే పూత ఆ కిరణాలను కూడా అంత బాగా తిప్పికొట్టాలని లేదు. బల్బు కింద తెలుపుకూ నలుపుకూ తేడా పెద్దగా కనిపించక, "తెల్లరంగు వల్ల లాభం లేదు" అని నిజాయితీగానే తప్పు నిర్ధారణ రాసుకున్న పిల్లలను నేను చూశాను.

థర్మోకోల్ విషయంలో ఇంకో చిక్కుంది. అది వేడిని చాలా తక్కువగా దాటనిస్తుంది, కాంక్రీటుతో పోలిస్తే నలభయ్యో వంతు మాత్రమే. కానీ ఆ అడ్డుకు లోపలా బయటా అన్న భేదం లేదు. మా పిల్లలు మూడో పెట్టెకు నాలుగు వైపులా, కప్పుకూ థర్మోకోల్ తొడిగి, పడమట ఓహెచ్‌పీ షీటుతో, అంటే అద్దంలా అవతలిది కనిపించే ప్లాస్టిక్ కాగితంతో, పెద్ద కిటికీ పెట్టారు. సాయంత్రానికి ఆ పెట్టె మామూలు అట్టపెట్టె కంటే వేడెక్కింది. నా మేనకోడలు నోటుబుక్కులో "తప్పు వచ్చింది" అని రాసింది. తప్పు రాలేదు. కిటికీలోంచి ఎండ లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చే దారి లేక వేడి అక్కడే పోగుపడింది. చలిదేశపు ఇంటికి అదే కావాలి. చెన్నైలో కిటికీకి నీడ కల్పించకుండా గోడలకు దుప్పటి కప్పడం వల్ల ఒరిగేది లేదు. నేను చూసిన ఏ ప్రదర్శనలోనూ ఇంత విలువైన ఫలితం మరొకటి లేదు, అది పొరపాటున దొరికింది.

నమూనా బొత్తిగా నమ్మదగనిది బరువైన గోడల విషయంలో. ఒక పదార్థంలోకి వేడి ప్రవేశించి సర్దుకోవడానికి పట్టే సమయం దాని మందానికి వర్గంగా పెరుగుతుంది. మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. 23 సెంటీమీటర్ల గోడను, అంటే మనం తొమ్మిదంగుళాల గోడ అనేదాన్ని, నమూనాలో ఒక సెంటీమీటరు మట్టి గోడగా చేస్తే ఆ సమయం 529వ వంతుకు పడిపోతుంది. అసలు గోడకు పొద్దున తగిలిన ఎండ లోపలి వైపుకు చేరడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది; నమూనా గోడలో అది నిమిషాల పని. పైగా ఇంటిని ఇరవయ్యో వంతుకు కుదిస్తే, లోపలి గాలి పరిమాణంతో పోల్చినప్పుడు గోడల విస్తీర్ణం ఇరవై రెట్లు ఎక్కువవుతుంది. అందుకే ఏ అట్ట ఇల్లైనా ఎండలో పెట్టగానే భగ్గుమంటుంది, నీడలోకి తేగానే చల్లారుతుంది. అసలు ఇల్లు అలా నడుచుకోదు.

జార్జిటౌన్‌లో మా అమ్మమ్మ వాళ్ళు అద్దెకున్న పాత ఇంటికి మద్రాసు టెర్రస్ కప్పు ఉండేది. కర్ర దూలాలు వరుసగా వేసి, వాటి మీద సన్నటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు దిమ్మిస కొట్టి, ఆ పైన పలచటి పెంకులు పరిచేవారు. సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లపు నీళ్ళూ కలిపేవారు. అలాంటి మందపాటి కప్పు కింద మధ్యాహ్నం మూడింటికి నేల చల్లగా తగిలేది. పట్టుకున్న వేడిని అది రాత్రి నెమ్మదిగా వదిలేది, అందుకే వేసవిలో ఇంటిల్లిపాదీ చాపలు తీసుకుని పైకెక్కేవారు. ఇప్పటి ఐదంగుళాల శ్లాబుకు ఈ ఆలస్యం మూడు నాలుగు గంటలే. మధ్యాహ్నపు వేడి సాయంత్రానికి దిగి, జనం ఇళ్ళకు చేరి తలుపులు వేసుకునే వేళకు సరిగ్గా నెత్తిమీద సెగలా నిలుస్తుంది. చెన్నై రాత్రులు కర్నూలు రాత్రుల్లా బాగా చల్లబడవు కనుక, ఇక్కడ బరువైన కప్పు ఒక్కటే గట్టెక్కించదు. దాని మీద ఎండ పడకుండా చూడటమే ముందు చేయవలసిన పని.

పిల్లలు దీన్ని చూపించాలంటే నమూనాను పక్కన పెట్టి నిజమైన ఇటుకను తెచ్చుకోవాలి. ఒక ఇటుకను, అదే కొలతకు కోసిన థర్మోకోల్ ముక్కను పొద్దుటి నుంచి ఎండలో పెట్టి, దీపాలు పెట్టే వేళకు రెండింటి మీదా చెయ్యి ఆనిస్తే చాలు. థర్మోకోల్ ఎప్పుడో చల్లారి ఉంటుంది, ఇటుక ఇంకా వెచ్చగా ఉంటుంది. ఇటుకల అమరికను చూపించడానికి మాత్రం అగ్గిపెట్టెలు చక్కగా పనికొస్తాయి. కేరళలో లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన 'ర్యాట్ ట్రాప్' కట్టుబడిలో ఇటుకలను అంచు మీద నిలబెట్టి కడతారు, గోడ మధ్యలో ఎలుకబోనులాంటి ఖాళీలు మిగులుతాయి. దాదాపు నాలుగో వంతు ఇటుకలు మిగలడంతో పాటు, ఆ ఖాళీల్లో కదలకుండా ఉండే గాలి వేడికి అడ్డుపడుతుంది. అగ్గిపెట్టెలతో మూడు వరుసలు పేర్చి పైనుంచి చూస్తే ఆ ఖాళీలు ఎలా ఏర్పడతాయో పది నిమిషాల్లో తెలుస్తుంది.

గాలి విషయంలోనూ నమూనా మాట కొంతవరకే వినాలి. పెట్టెకు ఒకవైపే కిటికీ పెట్టి అగరుబత్తి పొగను ఫ్యానుతో నెడితే పొగ గుమ్మం దగ్గరే తచ్చాడుతుంది. ఎదురు గోడకు కూడా కిటికీ పెడితే గదిలోంచి బారుగా సాగిపోతుంది. గాలికి వచ్చే దారితో పాటు పోయే దారి కూడా ఉండాలన్న సంగతి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. వేసవి మధ్యాహ్నాల్లో చెన్నైకి సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయం వైపు నుంచి వస్తుంది. రెండు పక్కలా ఉమ్మడి గోడలున్న పెరంబూరు వరుస ఇళ్ళలో వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ మధ్య దారి బీరువాలతో మూసుకుపోకుండా ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. అయితే మండువా లోగిలిలో వేడిగాలి పైకి లేచి, కింద చల్లగాలిని లాక్కునే తీరును అడుగెత్తు నమూనాలో చూడలేం. ఆ ఒరవడికి బలం ఎత్తు వల్ల వస్తుంది.

తేమ సంగతి చెప్పకపోతే చెన్నై గురించి చెప్పినట్టే కాదు. ఒక థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి, ఇంకొకదాన్ని పొడిగా ఉంచి విసనకర్రతో విసిరితే తడి థర్మామీటరు కిందికి దిగుతుంది. చెమట ఆరినప్పుడు ఒంటికి జరిగేది అదే. రెంటచింతల ఎండలో ఆ రెండింటి మధ్య తేడా పెద్దగా ఉంటుంది, అందుకే అక్కడ వట్టివేళ్ళ తడికలూ కూలర్లూ పనిచేస్తాయి. చెన్నై గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది కాబట్టి తేడా చిన్నది, కూలరు పెడితే గది ఇంకా ఉక్కగా మారుతుంది. ఇక్కడ ఒంటికి తగిలే గాలే దిక్కు. ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను వల్ల థర్మామీటరుకు ఏ మార్పూ ఉండదు. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు పదిహేను గంటల చొప్పున తిరిగితే, తమిళనాడులో రెండు నెలలకోసారి వచ్చే బిల్లులో సుమారు 67 యూనిట్లు దానివే. తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు అది 27 యూనిట్లు.

ఇంకొక సంగతి. బెంగళూరు కూడా చెన్నై ఉన్న అక్షాంశం మీదే, 13 డిగ్రీల దగ్గరే ఉంది. కాబట్టి మా పిల్లలు గీసిన నీడలన్నీ అక్కడికీ వర్తిస్తాయి. కానీ ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, సమశీతోష్ణ మండలంలో ఉంది. చెన్నైలో మూసివేయాల్సిన ఎండను అక్కడి ఇల్లు జనవరి ఉదయాల్లో లోపలికి పిలుచుకోవచ్చు. నమూనా పక్కన ఊరి పేరు రాయకుండా "పొదుపు ఇల్లు" అని మాత్రమే రాయడం అసంపూర్ణం.

ప్రదర్శన రోజున వాళ్ళ బల్ల మీద సున్నం కొట్టిన ఒక అట్టపెట్టె, సిమెంటు రంగు వేసిన ఒక అట్టపెట్టె, థర్మోకోల్ పెట్టె, ఒక ఇటుక, గళ్ళ కాగితం మీద అంకెలు రాసిన నోటుబుక్కు ఉన్నాయి. న్యాయనిర్ణేతలు ఆ బల్ల దగ్గర అర నిమిషం ఆగి, దీపాలేవీ వెలగకపోవడం చూసి ముందుకు వెళ్ళారు. నోటుబుక్కు ఎవరూ తెరవలేదు. బహుమతి రాలేదన్న బాధ నాకు లేదు, వాళ్ళకు రెండు రోజులు ఉంది. ఆ పిల్లలు కొలిచారన్న సంగతి ఎవరి కంటా పడకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నమూనాలను పరిశీలించే పెద్దలు ఇంటిని చూసే ముందు ఒక్క మాట అడిగితే చాలు: "ఏం కొలిచారు, మొదటిసారి ఎక్కడ పొరపాటు జరిగింది?" ఆ ప్రశ్న వస్తుందని తెలిస్తే వచ్చే ఏడాది ఎర్ర చార్టు కప్పులు వాటంతట అవే తగ్గుతాయి.

సంక్రాంతి వెళ్ళాక నా మేనకోడలు వాళ్ళ పడకగది సీలింగుకు టేపుతో ఒక థర్మామీటరు అంటించింది. చెన్నైలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కాబట్టి, కప్పుకు సున్నం కొడితే ఆ వానల తరువాతే కొట్టాలి, వచ్చే వానలకు అది చాలావరకు కొట్టుకుపోతుంది కనుక ఏటా కొట్టాలి. ఆ మాట ఇంటి ఓనరుకు చెప్పే ముందు తన దగ్గర అంకెలుండాలని ఆమె పట్టుదల. మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి చూసి రాసుకుంటోంది. బడి ఉన్న రోజుల్లో రెండు గంటల గడి ఖాళీగా ఉంటుందని, ఆ ఒక్క అంకె తాతయ్యకు అప్పగించింది. ఆయన స్టూలెక్కలేడు కాబట్టి, టేపు ఊడదీసి థర్మామీటరును ఆయన కళ్ళకు అందేటట్టు పడమటి గోడ మీదికి మార్చవచ్చా అని నన్ను ఫోనులో అడిగింది. మార్చకూడదని, అప్పుడు కొలిచేది కప్పును కాక గోడను అవుతుందని చెప్పాను. ఆదివారం వెళ్ళి చూస్తే సీలింగు మీద ఒకటి, పడమటి గోడ మీద ఇంకొకటి ఉన్నాయి. నోటుబుక్కులో కొత్త గడి గీసి ఉంది, దాని పైన "తాతయ్య గోడ" అని రాసి ఉంది.